ఇద్దరికి ఒక డ్రమ్ము

ఏమండీ,

నమస్కారాలు. సముద్రం మీద మీరు క్షేమంగా ఉన్నారనీ, వేళకి తింటున్నారనీ తలుస్తున్నాను. ఇక్కడ మేమందరం క్షేమమే. ఉత్తరమంటే ఇలాగే మొదలుపెట్టాలని చిన్నప్పుడు నేర్పారు కాబట్టి అలాగే మొదలుపెట్టాను. ఆ మాటలో నిజమెంతో కిందికి వచ్చాక రాస్తాను. మీరు మాత్రం చివరి కాగితానికి పరుగెత్తకుండా వరసగా చదవండి. మీకా అలవాటుందని నాకు తెలుసు.

మీ ఉత్తరం పోయిన వారం అందింది. కవరు చింపగానే సబ్బుల వాసన కొట్టింది. ఓడలో మీరు చూసుకునే సరుకుల గదికీ, ఇంట్లో మీరు నింపి వెళ్లిన వెనక గదికీ వాసన ఒకటే అయిపోయింది. చిట్టి ఆ కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని "నాన్న వాసన" అంది. కన్నకూతురికి నాన్నంటే సబ్బుల పెట్టె వాసన అయినందుకు నవ్వాలో ఏడవాలో తెలియక, అన్నం ఉడికిందో లేదో చూసే వంకతో వంటింట్లోకి వెళ్లిపోయాను.

మీరడిగినవాటికి జవాబులు రాస్తాను. అగ్గిపెట్టెలు మైనం కాగితంలో చుట్టి పై అరలోనే ఉంచాను, చెమ్మ తగల్లేదు. కొవ్వొత్తులు మాత్రం ఎండలకి నడుం వంగిపోయాయి. చిట్టి వాటికి ముసలి కొవ్వొత్తులని పేరు పెట్టింది. ఒకటి వెలిగించి చూశాను, వంగినా బాగానే వెలుగుతోంది. నీళ్ల డబ్బాలు వారం వారం ఖాళీ చేసి మళ్లీ నింపుతున్నాను. పాత నీళ్లు పారబొయ్యడానికి చేతులు రాక, వాటితో మెట్లు కడుగుతున్నాను. మన వీధిలో ఇంత శుభ్రమైన మెట్లు ఇంకెవరికీ లేవు. ఉప్పు గడ్డకట్టింది. కట్టనివ్వండి, కరిగించుకునే రోజు వస్తే నీళ్లకి కొదవుండదు కదా. పిండి పురుగు పడితే జల్లించి ఎండలో పోశాను. ఎలకలు ఒక్క సబ్బునే కొరికాయి. అది కూడా బట్టల సబ్బు. వాటికీ రుచి తెలిసినట్టు లేదు.

గది సంగతి ఎవరికీ చెప్పొద్దన్నారు. నేను చెప్పలేదు. కానీ మన ఇంట్లో నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఒకరున్నారు, ఆవిడ రెండో తరగతి చదువుతోంది. పక్కింటి మేస్త్రిగారి భార్య మొన్న గోడ మీదుగా తొంగి చూసి, "ఏమమ్మా, కొట్టు ఎప్పుడు తెరుస్తున్నారు? మొదటి రోజు బేరం మాదే సుమా" అంది. నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆవిడా నవ్వింది గానీ, ఆ నవ్వు వెనక కాస్త భయం కూడా ఉంది. ఈ ఏడు వానలు మామూలుగా ఉండవన్న మాట అందరి చెవినా పడింది. మీరొక్కరే చెప్పడం లేదు. అది ఒప్పుకుంటున్నాను.

"పాతది ముందుకి, కొత్తది వెనక్కి" అన్న మీ పద్ధతి తప్పకుండా నడుపుతున్నాను. కొత్తగా కొన్నది గదిలోకి, గదిలో పాతబడ్డది వంటింట్లోకి. పద్ధతి మంచిదే, కాదనను. కానీ దానివల్ల ఈ ఇంట్లో తాజా వస్తువు తినడమన్నది మరిచిపోయాం. చిట్టి స్నేహితురాలి ఇంటికి వెళ్తే వాళ్లమ్మ బిస్కెట్ పెట్టిందట. కొరికితే కరకరలాడిందట. ఇది అక్కడే పెట్టేసి వచ్చి, "అమ్మా, వాళ్లింట్లో బిస్కెట్లు పాడైపోయాయి, గట్టిగా ఉన్నాయి" అంది. నేను పగలబడి నవ్వాను. అత్తయ్య నవ్వలేదు. పిల్ల వంక అలా చూస్తూ కూర్చున్నారు. అప్పుడే నేను ఆవిడ మొహం కాస్త పరీక్షగా చూసి ఉండాల్సింది.

ఇక గ్లాసు సంగతి. పోయినసారి సెలవుకి వచ్చినప్పుడు మీరు చేయించి తెచ్చిన ఆ రేకు గ్లాసుతోనే బియ్యం కొలుస్తున్నాం. మనిషికి పూటకి ఒక గ్లాసు, అంచుకి సమంగా తల కొట్టి. "ఆ రోజు వచ్చాక కొత్తగా కడుపు కట్టుకోలేం, ఇప్పట్నుంచే అలవాటు చేసుకోవాలి" అని మీరు వాకిట్లో చెప్పులు వేసుకుంటూ కూడా చెప్పారు. ఆ గ్లాసు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే కాదు, మన పెళ్లికి వచ్చినవాళ్లందరికీ తెలుసు. మీకు ఏడేళ్లప్పుడు ఏటిగట్టు తెగి ఊరు మునిగింది. మామయ్యగారు అప్పటికే లేరు. అత్తయ్యా మీరూ అప్పట్లో మీరుండే మిల్లు మేడమీద గదిలో చిక్కుకుపోయారు. ఎప్పుడో ముందుచూపుతో అత్తయ్య నింపిపెట్టిన బియ్యం డ్రమ్ము ఒకటి ఆ గదిలో ఉంది. వానలు వెలిసి, పడవ వచ్చి తీసుకెళ్లేదాకా ఒక్క పూట కూడా పస్తు లేకుండా ఆ డ్రమ్ముతో ఇద్దరూ బతికారు. "ఇద్దరికి ఒక డ్రమ్ము, ఒక వానాకాలం" అని మీరు ఎన్నిసార్లు చెప్పారో. దాన్ని తలకింత, పూటకింత అని విడదీసి ఆ గ్లాసు చేయించారు. ముగ్గురం కాబట్టి డ్రమ్మున్నర. మీ లెక్కలో వంక పెట్టేవాళ్లెవరు? ఓడంతటికీ తిండి కొలిచి ఇచ్చే మనిషి మీరు.

మీ ఉత్తరంలో నన్ను మెచ్చుకున్నారు. డ్రమ్ములో బియ్యం ఎంత తగ్గిందో నేను బట్టలు కొలిచే టేపుతో కొలిచి రాశాను కదా, అది చూసి, "చూశావా, సరిపోవడమే కాదు, మిగిలింది కూడా. పొదుపంటే నీ దగ్గర నేర్చుకోవాలి" అన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో మీరు నన్ను మెచ్చుకున్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకని ఆ వాక్యం రెండుసార్లు చదువుకున్నాను. ఆ మెప్పు మీకు తిరిగి పంపిస్తున్నాను. అది నాది కాదు.

మీ ఆఖరి ప్రశ్న మిగిలింది. "ఫోనులో అమ్మ గొంతు సన్నగా వినిపించింది, జలుబు చేసిందా?" అని అడిగారు.

జలుబు కాదండీ.

మొన్న బుధవారం మా కుట్టు దుకాణంలో కరెంటు పోతే యజమాని అందరినీ మధ్యాహ్నమే పంపించేశాడు. ఇంటికి వచ్చేసరికి వెనక గది తలుపు తెరిచి ఉంది. అత్తయ్య డ్రమ్ము పక్కన నేల మీద పడి ఉన్నారు. డ్రమ్ము మూత తీసి ఉంది. మొహం మీద నీళ్లు చల్లితే కళ్లు తెరిచారు గానీ, కుడి పిడికిలి మాత్రం విప్పలేదు. దాన్నిండా బియ్యం. ఆకలేసి తీసుకుంటున్నారేమో, నాకు చెప్పడానికి సిగ్గుపడ్డారేమో అనుకున్నాను. పక్కనే ఆ రేకు గ్లాసు చూశాక అర్థమైంది. ఆవిడ తీసుకోవడం లేదు. ఆ పూట తన వాటా గ్లాసు తిరిగి డ్రమ్ములో పోస్తున్నారు.

మేస్త్రిగారిని పిలిచాను. ఆవిణ్ణి ఎత్తడానికి ఆయన్ని సాయం పట్టమనాల్సిన పని కూడా లేకపోయింది, నేనొక్కదాన్నే ఎత్తేశాను. చిట్టిని ఎత్తుకోవడమే దానికన్నా కష్టం. ఆయన తన బండి మీద మమ్మల్ని ఆసుపత్రికి చేర్చాడు. చిన్న వయసు డాక్టరమ్మ, చాలా నెమ్మదస్తురాలు. పరీక్ష చేసి, నన్ను పక్కకి పిలిచి, "ఇంట్లో తినడానికి ఇబ్బందిగా ఉందా అమ్మా? మొహమాటపడకండి. లేనివాళ్లకి మేం పాలపొడి ఇస్తాం" అంది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, అలా అయింది. పైకప్పు దాకా పాలపొడి డబ్బాలు పేర్చుకున్న ఇంటిదాన్ని, ఆ పొట్లం రెండు చేతులా అందుకుని తెచ్చుకున్నాను. మీ పద్ధతి ప్రకారం కొత్తది గనక దాన్ని వెనక వరసలో పెట్టాలి. పెట్టలేదు. వచ్చీ రాగానే విప్పి కలిపి తాగించాను.

నా తప్పు కూడా రాస్తాను. నేను దర్జీదాన్ని. మనిషి వీధి చివర నడిచొస్తుంటేనే కొలతలు చెప్పగలనని గొప్పలు పోతుంటాను. పోయిన చలికాలంలో అత్తయ్య రవిక వదులైందంటే కుట్టు లోపలికి వేసిచ్చాను. తరవాత మళ్లీ వదులైందంటే మళ్లీ లోపలికి వేశాను. వయసు మీద పడుతోంది, ఒళ్లు తగ్గుతోంది అనుకున్నాను. రోజూ నేను దుకాణం నుంచి వచ్చేసరికి ఆవిడ కంచం కడిగి బోర్లించి ఉండేది. "నేను తిన్నానే, మీరు కూర్చోండి" అనేవారు. చిట్టికీ నాకూ కొసరి కొసరి వడ్డించేవారు. ఆ గ్లాసు కొలతతో నాకు కడుపు నిండదని మొదటి వారంలోనే తెలిసింది. అయినా నిండుతోంది. ఆవిడ పగటి వాటా డ్రమ్ములోకి, రాత్రి వాటా మా కంచాల్లోకి పోతుంటే, ఎలా నిండుతోందని నేను అడగలేదు. అడిగితే ఆ నాలుగు ముద్దలూ పోతాయన్న భయం లోపలెక్కడో ఉందేమోనని ఇప్పుడు అనిపిస్తోంది. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఆ సాయంత్రం మంచం పక్కన కూర్చుని అడిగాను. మంచం ఎక్కడుందో మీకు తెలుసు కదా, హాల్లో ఫోను బల్ల పక్కన. సరుకులకి చోటు కావాలంటే తన గది ఇచ్చి ఆవిడే అక్కడికి మారారు. ఈ మాటలు మీకు ఫోనులో చెప్పలేక ఉత్తరం రాయడానికి కారణం కూడా ఆ బల్లే.

"ఎప్పట్నుంచి అత్తయ్యా ఇది?"

"వాడి గ్లాసు వచ్చినప్పట్నుంచీనే."

"ఎందుకు?"

"వాడు ముగ్గురికే లెక్క వేశాడు. నువ్వు, నేను, చిట్టి. వాడు సెలవు మీద ఇంటికొచ్చినప్పుడే నీళ్లొస్తే? ఓడలో ఎవడి తిండి వాడికి కొలిచిచ్చీ కొలిచిచ్చీ, తనని తాను లెక్కలో వేసుకోవడం మరిచిపోయాడు వెర్రినాగన్న. వాడి వాటా ఎవరో ఒకరు పోసిపెట్టాలి కదా."

"ఇంకో డ్రమ్ము కొనుక్కుంటే పోయేది కదా అత్తయ్యా! ఆయనకి ఒక్క ముక్క రాస్తే సరిపోయేది కదా!"

"రాస్తే మళ్లీ లెక్క వేస్తాడు. వేస్తూ వేస్తూ ఆ పాత డ్రమ్ము దగ్గరికి పోతాడు." దుప్పటి మీదికి లాక్కుని, "వాడి లెక్క మొదట్నుంచీ తప్పేనే అమ్మాయ్" అన్నారు.

ఏమండీ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, ఎక్కడైనా కూర్చుని చదవండి.

ఆ డ్రమ్ము ఇద్దరికి చాలలేదు. ఒక్కరికి చాలింది.

ఆవిడ చెప్పిన మాటలు చెప్పినట్టే రాస్తున్నాను. "డ్రమ్ము మూత తీసి చూడగానే తెలిసిందే, అది ఇద్దరికి చాలదని. అన్నం వాడికి, వార్చిన గంజి నాకు. వాడు నిద్ర లేవకముందే తిన్నానని చెప్పేదాన్ని. 'నేను తిన్నాను నాన్నా, నువ్వు తిను' అంటే తినేవాడు. పసివాడు, నమ్మేవాడు. ఒకరోజు నా కంచం ఏదని అడిగితే కిటికీలోంచి నీళ్లలో కడిగానని చెప్పాను. ఆఖర్న పడవ వచ్చినప్పుడు వాడు తన కాళ్ల మీద తను నడిచి ఎక్కాడు. నన్ను మోసుకెళ్లారు. అమ్మకి జ్వరమని చెప్పాను, అదీ నమ్మాడు. ఇంతవాడయ్యాక కూడా నమ్ముతూనే ఉన్నాడు."

మీరా కథ చెప్పినప్పుడల్లా అత్తయ్య లేచి వంటింట్లోకి వెళ్లిపోయేవారు, గుర్తుందా? పొగిడితే సిగ్గుపడుతుందని మీరు నవ్వేవారు.

ఇదంతా మీకు చెప్పనని ఆవిడకి మాటిచ్చాను. "వాడికి తెలిస్తే ఆనాడు తిన్నదంతా ఇప్పుడు గొంతుకి అడ్డం పడుతుంది. ఇక జన్మలో ముద్ద దిగదు. చెప్పకు" అన్నారు. సరేనన్నాను. ఆ మాట ఇప్పుడు తప్పుతున్నాను. తప్పకపోతే ఆవిడ మనకి దక్కరు. "ఇలాగే తినకుండా ఉంటే ఎక్కువ కాలం నిలబడరు, మందులతో పోయేది కాదిది" అని డాక్టరమ్మ నిన్న ఇంటికి వచ్చి మరీ చెప్పింది.

ఇప్పుడు అన్నం మెత్తగా చేసి ముందు పెడుతున్నాను. రెండు చెంచాలు తిని నోరు మూసేస్తారు. "నా వాటా అయింది" అంటారు. గ్లాసు తీసి అవతల పారేశాను అత్తయ్యా, ఇక కొలతలు లేవు అన్నాను. వినరు. "వాడు తిన్నాడా?" అని అడుగుతారు. తిన్నారు అత్తయ్యా అంటే, "నీకెలా తెలుసు, ఓడలో ఉన్నావా?" అని నా నోరు మూయిస్తారు. ఒక్కోసారి హాలు కిటికీలోంచి చూసి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని అడుగుతున్నారు. వాన కూడా లేదు. చిట్టికి భయమేసి మేస్త్రిగారింట్లో పడుకుంటానంటోంది.

మీ మీద నాకు కోపంగా ఉంది. దాచుకోను. ఎక్కడో కూర్చుని ఇంట్లో వాళ్ల కడుపులకి కొలత గ్లాసు పంపించినందుకు కోపం. మళ్లీ ఏడేళ్ల పిల్లాడు మేడమీద గదిలో కూర్చుని, అమ్మ తిందని నమ్మి అన్నం తింటున్నట్టు కళ్ల ముందు కనబడుతుంది. అప్పుడు ఆ కోపం నిలబడదు. మీరు భయపడి చేశారు. ఆవిడా భయపడే చేశారు. మధ్యలో నేను టేపు పట్టుకుని నిలబడ్డాను.

సరుకు వద్దనడం లేదు. నీళ్లు వస్తే రావచ్చు, అందరూ అంటున్నారు. కానీ ఇకనుంచి కడుపు నిండా వండుతాను. నిండగా మిగిలిందే గదిలోకి వెళ్తుంది. నాలుగో మనిషికి ఇంకో డ్రమ్ము తెప్పించి నింపించాను, ఆవిడకి చూపించాను కూడా. తల ఊపారు గానీ నమ్మినట్టు లేదు. మీరు వచ్చాక ఆ డ్రమ్ములన్నీ హాల్లోకి ఈడ్చి, ఆవిడ గది ఆవిడకి ఇచ్చేద్దాం. అప్పటికి ఆవిడ ఉంటే.

ఓడ కంపెనీవాళ్లకి చెబితే తల్లికి బాగాలేదని మీకు ఒక్క ముక్క అందిస్తారు. ఇది ఒక్క ముక్కలో ఇమిడేది కాదు. అందుకే తరవాతి రేవులో మీ ఓడ ఆగేసరికి అందేలా ఈ ఉత్తరం పంపిస్తున్నాను. అందగానే ఫోను చెయ్యండి. నాతో మాట్లాడకండి. నేను తీసి ఏమీ అనకుండా ఆవిడ చెవి దగ్గర పెడతాను. సరుకు ఊసు ఎత్తకండి. ఏడుపొస్తే కాసేపాగి, తమాయించుకుని చెయ్యండి. నేను చెప్పానని ఆవిడకి తెలియకూడదు.

ఒక్క మాట చెబితే చాలు. "అమ్మా, నేను తిన్నాను, నువ్వు తిను" అనండి.

ఇది చదివాక ఆ పూట మీకు ముద్ద దిగదని నాకు తెలుసు. అయినా తిన్నానని చెప్పండి. ఆవిడ మీకు చెప్పినట్టే చెప్పండి, నమ్మేట్టు.

ఇట్లు,
ఇవాళ్టి నుంచి నలుగురికీ వండుతున్న
మీ ఇల్లాలు